తబిత సూటు

1. వడపోతలు దులిపే రోజు

ఈ రోజు వడపోతలు దులిపే వంతు మా వరస గదులవాళ్ళది. గాలి గొట్టాల మూతలు విప్పి, జల్లెళ్ళలో పేరుకున్న ఎర్ర దుమ్మును బ్రష్షుతో గీకి సంచుల్లో కట్టాను. ముక్కు నిండా దుమ్మే. నీళ్ళ రోజు ఇంకా రాలేదు కాబట్టి స్నానం లేదు. తడిగుడ్డతో మొహం తుడుచుకుని పనిగదికి వచ్చేసరికి వేణుమాధవ్ గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన మా కాలనీ నిర్వాహకుడు.

"ఉత్పల గారూ, కొలత ఎంతవరకు వచ్చింది?"

"ఇంకా మొదలుపెట్టలేదండీ. దుమ్ము దులుపుతున్నాను."

"దుమ్ము ఎవరైనా దులుపుతారు" అన్నారాయన. అది నిజమే అయితే నా పేరు వంతుల పట్టీలో ఎందుకు రాశారో అడగాలనిపించింది. అడగలేదు.

కొలత అంటే సూట్లు కత్తిరించే ప్రోగ్రామ్. మనిషి కొలతలు ఇస్తే ఏ ముక్కను ఏ ఆకారంలో కోయాలో కత్తెర యంత్రానికి చెబుతుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ల రోజుల్లో భూమ్మీద ఎవరో దర్జీల కోసం, జాకెట్లూ షేర్వాణీలూ కత్తిరించుకోవడానికి రాసింది. మొదట్లో అంగారకుడి మీదికి వచ్చినవాళ్ళు దాన్ని బయట తొడుక్కునే సూట్లకు తగ్గట్టు మలుచుకున్నారు. ఇన్నాళ్ళూ ఒక పాత కంప్యూటర్‌లో నడిచింది. మొన్న కరెంటు ఒక్కసారిగా ఎక్కువై ఆ కంప్యూటర్ కాలిపోయింది. మా కొత్త కంప్యూటర్లకు ఆ పాత ప్రోగ్రామ్ పనికిరాదు. దాని సోర్సు కోడ్, అంటే మనుషులు రాసిన అసలు పాఠం, మాత్రం భద్రంగా ఉంది. దాన్ని కొత్త కంపైలర్‌కు ఇచ్చి మళ్ళీ ప్రోగ్రామ్ తయారుచేయాలి. కాలనీలో పాత ప్రోగ్రాములకు మరమ్మతు చేసేది నేనొక్కదాన్నే.

ఇంత తొందర తబిత కోసం. ఆమె ఆలుగడ్డల గదుల్లో పనిచేస్తుంది. నెలలు నిండుతున్నాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉందని మా నర్సు చెప్పింది. ఆపరేషన్ చేయగల డాక్టరమ్మ ఉండేది పెద్ద స్థావరంలో. బండిలో రెండు రోజుల దారి. ఒంటికి సరిపడే సూటు లేనివాళ్ళను బండి ఎక్కనివ్వకూడదని నియమం. దారిలో బండికి చిల్లు పడితే సూటే దిక్కు కదా. తబిత పాత సూటు కడుపు దగ్గర మూసుకోవడం లేదు. దుమ్ము కాలం మొదలయ్యేలోగా వెళ్ళే ఆఖరి బండి ఇదే.

మధ్యాహ్నం కంపైలర్ నడిపాను. ప్రోగ్రామ్ తయారైంది. దాంతో పాటు నాలుగు వందల పైచిలుకు హెచ్చరికలు వచ్చాయి.

2. మరుసటి రోజు

తప్పు ఉంటే ప్రోగ్రామ్ అసలు తయారవదు. హెచ్చరిక అలా కాదు. ప్రోగ్రామ్ తయారవుతుంది, కానీ కంపైలర్ పక్కన కూర్చుని సణుగుతుంది. ఈ అంకెకు పేరు పెట్టావు, ఎక్కడా వాడలేదేం? ఈ పద్ధతి పాతబడిపోయింది, తెలుసా? ఇక్కడ దశాంశం ఊడిపోతోంది, కావాలనే వదిలేశావా? పాత కంపైలర్లు ఇవేవీ పట్టించుకునేవి కావు. కొత్తదానికి అన్నీ కావాలి.

సణిగితే సణగనీ అని వదిలేయడానికి లేదు. ప్రాణాలతో ముడిపడిన ఏ ప్రోగ్రామ్‌కైనా పెద్ద స్థావరంలోని తనిఖీ యంత్రం ముద్ర వేయాలి. ముద్ర లేకపోతే కత్తెర యంత్రం కాగితం తప్ప గుడ్డ కోయదు. ఒక్క హెచ్చరిక మిగిలినా ముద్ర పడదు. ఎప్పుడో ఉత్తరపు కాలనీలో తలుపుల ప్రోగ్రామ్ ఇచ్చిన హెచ్చరికను ఎవరూ పట్టించుకోకపోతే, బయటి తలుపూ లోపలి తలుపూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఒక వరస గదుల్లోని మనుషులంతా పోయారు. అప్పటినుంచి ఈ నియమం. ఎందుకు పెట్టారో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన చిరాకు తగ్గదు.

ఒక్కొక్కటీ దులుపుకుంటూ వచ్చాను. వాడని పేర్లు తీసేశాను. వాటిలో సగం పేర్లు షేర్వాణీ గుండీలవి. ఈ నేల మీద షేర్వాణీ తొడిగిన మనిషి ఒక్కడూ లేడు. ఒక చోట సవరిస్తే మూడు చోట్ల కొత్తవి పుట్టాయి. ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే యాభై తగ్గి నలభై పెరిగాయి.

కొన్ని హెచ్చరికలు నిజంగానే పనికొచ్చాయని ఒప్పుకోవాలి. పేరుకు ఇచ్చిన చోటు చాలకపోవచ్చు అని ఒకటి సణిగింది. చూస్తే పేరుకు ఇరవై అక్షరాల చోటే ఉంది. తబిత పూర్తి పేరు బొల్లిముంత తబిత గ్రేస్ నతానియేలు. మిగిలిన అక్షరాలు పక్కనే ఉన్న ఛాతీ కొలత మీద పడి ఉండేవి.

3. నీళ్ళ రోజు

నీళ్ళ బకెట్ తెచ్చుకుంటుంటే తబిత ఎదురొచ్చింది. వద్దంటే వినకుండా నా బకెట్‌కు ఒక చెయ్యి వేసింది.

"నా సూటు ఎట్టా ఉందక్కా?"

"సూటు దాకా ఎక్కడ వచ్చాను తల్లీ. ఇంకా కంపైలర్ దగ్గరే ఉన్నాను."

"అది ఏమంటది?"

"గంటకో మాట అంటుంది. నువ్వు బకెట్ వదులు ముందు."

ఆమె నవ్వింది. నడుం మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుంది. "తొందరపెడతన్నా అనుకోమాకక్కా. వీడు లోపల ఒకటే తన్నుడు. నర్సమ్మ రోజూ తడిమి చూసి ఏమీ మాట్లాడకుండా పోతంది. అదే భయంగా ఉంది."

సాయంత్రానికి నూట పది మిగిలాయి.

4. రేడియో సరిచేసిన రోజు

బండి బయలుదేరే తేదీని ముందుకు జరిపారు. రేడియో సరిచేయగానే, దుమ్ము గాలి త్వరగా వస్తోందని పెద్ద స్థావరం నుంచి కబురు వచ్చిందట. వేణుమాధవ్ గారు ఉదయం నుంచి మూడుసార్లు వచ్చారు.

"ఎన్ని మిగిలాయి?"

"అరవై దాకా ఉంటాయండీ."

"ఆ కంపైలర్‌లో తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఉందట కదా. పెద్ద స్థావరం వాళ్ళు చెప్పారు. అది నొక్కితే అయిపోతుందట."

"ఉందండీ. అది హెచ్చరికను పోగొడుతుంది. కోడ్ రాసినవాడి ఉద్దేశం దానికి తెలియదు."

"ఉద్దేశాలు వెతుకుతూ కూర్చుంటే బండి వెళ్ళిపోతుంది ఉత్పల గారూ. దాన్ని తయారుచేసినవాళ్ళు మనకన్నా తెలివితక్కువ వాళ్ళు కాదు కదా."

ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచరు. అందుకే నాకు ఎక్కువ మండుతుంది. ఆయన వెళ్ళాక ఇంకో పది హెచ్చరికలు చేత్తో తీశాను. కళ్ళు మండాయి. ఒకే రకం వాక్యాన్ని ముప్ఫై చోట్ల ముప్ఫై రకాలుగా రాసిన ఆ పాత ప్రోగ్రామర్ ఎదురుగా ఉంటే చెవి పట్టుకుని అడిగేదాన్ని. చివరికి ఆయన చెప్పిన ఆ బటన్ నొక్కాను. రెప్ప వేసేలోగా హెచ్చరికలు సున్నా అయ్యాయి. ఇన్ని రోజుల చాకిరీ తర్వాత ఆ సున్నాను చూస్తే సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది.

మధ్యాహ్నానికి ముద్ర పడింది.

5. పరీక్ష రోజు

సూట్లు అతికేది ఖాదర్ బాబాయ్. అరవై దాటిన మనిషి. చేతులు ఎప్పుడూ వేడి రోలర్ వాసన వేస్తుంటాయి. కత్తెర యంత్రం కోసిన ముక్కల అంచులను ఒకదాని మీద ఒకటి పెట్టి, రోలర్‌తో నొక్కి అతికిస్తాడు. గర్భిణి సూటు చేయడం ఆయనకు ఇదే మొదలు. ఇంతకు ముందు చేసినామె చనిపోయి చాలా కాలమైంది. కాలనీలో మిగిలిన గుడ్డ సరిగ్గా ఈ సూటుకే వచ్చింది. కొత్త గుడ్డ దుమ్ము కాలం అయ్యాకే.

సూటును స్టాండుకు తగిలించి, మెడ దగ్గర గొట్టం బిగించి గాలి ఎక్కించడం మొదలుపెట్టాడు. తబిత, ఆమె భర్త నతానియేలు బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు. సూటు మెల్లగా ఉబ్బింది. కడుపు ముందుకు వచ్చింది. తబిత భర్తను మోచేత్తో పొడిచి, "అచ్చం నాలాగే ఉంది చూడు" అంది.

మీటరు ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తుండగా ఎడమ పక్కన నడుం దగ్గర అతుకు విడిపోయింది. చప్పుడు పెద్దగా లేదు. గాలి బుస్సుమని పోయి, సూటు స్టాండు మీద వాలిపోయింది. చీలిక చంక దాకా పాకింది.

తబిత రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని ఆ సూటునే చూస్తోంది. చూపు తిప్పకుండానే అడిగింది.

"ఇంకో గుడ్డ ఉందా మామా?"

ఖాదర్ బాబాయ్ గొట్టం విప్పుతూ తల అడ్డంగా ఊపాడు.

6. అదే రోజు, సాయంత్రం

వాళ్ళు వెళ్ళాక ఖాదర్ బాబాయ్, నేనూ పోట్లాడుకున్నాం.

"రోలర్ వేడి చాలలేదేమో" అన్నాను.

"ఏందమ్మాయ్ చాలనిది? నీ సూటు నేను అతికిందే. దాన్లో నువ్వు ఎన్నేళ్ళ నుంచి బయట తిరుగుతున్నావు?"

"అయితే కత్తెర యంత్రం తప్పు కోసి ఉంటుంది."

"యంత్రం తన ఇష్టం వచ్చినట్టు కోయదు. నువ్వు చెప్పిందే కోస్తది."

"నా ప్రోగ్రామ్‌కు ముద్ర పడింది బాబాయ్. ఒక్క హెచ్చరిక లేదు."

"ముద్ర పడిందని చెప్పు, ఆ అతుకు అతుక్కుంటదేమో చూద్దాం."

కోపంగా వచ్చేశాను. కత్తెర యంత్రం బ్లేడు చూశాను, సరిగ్గా ఉంది. మగవాళ్ళ సూటు, మామూలు ఆడవాళ్ళ సూటు నమూనాలు కాగితం మీద కోయించి చూశాను. రెండూ సరిగ్గా వచ్చాయి. గర్భిణి సూటు నమూనా కూడా కోయించి, ఆడవాళ్ళ సూటు కాగితం పక్కన పరిచాను. కడుపు దగ్గర వెడల్పు పెరిగింది, బాగుంది. కానీ నడుం పక్క అంచు ఆడవాళ్ళ సూటులో రెండు వేళ్ళ వెడల్పు ఉంటే, దీనిలో ఒక వేలు కూడా లేదు. ఎక్కువ గాలి ఒత్తిడి పడే చోట తక్కువ అతుకు ఉంది.

ఎందుకో అర్థం కాలేదు. అన్నం కూడా తినకుండా పడుకున్నాను.

7. ఆలుగడ్డలు తవ్విన రోజు

అందరూ ఆలుగడ్డలు తవ్వడానికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. నన్ను పిలవడానికి వచ్చిన మనిషి నా మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

బటన్ నొక్కినప్పుడు కంపైలర్ ఏ వాక్యాలు మార్చిందో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. మొదటి నలభై మార్పుల్లోనూ వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ తర్వాతది కంపైలర్ కొత్తగా చేర్చిన ఒకే ఒక్క మాట. ఆపు.

కోడ్‌లో ఒక్కో రకం సూటుకు ఒక్కో భాగం ఉంది, వరసగా గదుల్లా. మగవాళ్ళది, పిల్లలది, గర్భిణులది, ఆడవాళ్ళది. ప్రతి గది చివరా, ఇక్కడితో పని అయింది, ఆపు అని రాసి ఉంటుంది. పాత కోడ్‌లో గర్భిణుల గది చివర మాత్రం ఆ మాట లేదు. అంటే ప్రోగ్రామ్ ముందు కడుపు దగ్గర వెడల్పు పెంచి, ఆగకుండా కింద ఉన్న ఆడవాళ్ళ గదిలోకి నడుస్తుంది. అక్కడ నడుం పక్క అంచు కలుపుకుని అప్పుడు ఆగుతుంది. రాసినవాళ్ళు ఒకే పనిని రెండుసార్లు రాయడం ఎందుకని కావాలనే తలుపు తెరిచి ఉంచారు. పాత కంపైలర్ ఏమీ అనలేదు. కొత్తది, ఆపు అని రాయడం మరిచిపోయావా అని అడిగింది. నేను బటన్ నొక్కాను. మరిచిపోయారనే అనుకుని అది తలుపు మూసేసింది. ప్రోగ్రామ్ ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళనే లేదు.

కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగాను. గోడను తన్నాను. కాలి బొటనవేలు వాచింది.

చేయవలసిందల్లా ఆ మాట తీసేసి, ఇక్కడ ఆగకపోవడం కావాలనే అని కంపైలర్‌కు చెప్పే ఒక గుర్తు పెట్టడం. కొత్త భాషలో దానికోసమే ఒక గుర్తు ఉంది. ఒక్క వాక్యం. పెట్టాను. కంపైలర్ సణగలేదు. కాగితం మీద కోయించాను. అంచు రెండు వేళ్ళ వెడల్పుతో వచ్చింది. ఆ బటన్ మార్చిన మిగతావన్నీ కూడా మళ్ళీ మొదటినుంచి నా కళ్ళతో చూశాకే ముద్రకు పంపాను. ముద్ర పడింది.

వేణుమాధవ్ గారికి చెప్పాను. ఆయన కాగితం ముక్కలను పక్కపక్కన పెట్టి అంచులు పోల్చి చూశారు.

"నొక్కమని నేనే అన్నాను కదా" అన్నారు చివరికి.

"నొక్కింది నేనండీ."

"ఇప్పుడు ప్రోగ్రామ్ ఉంది. గుడ్డ లేదు."



8. బండి బయలుదేరే ముందు రోజు

ఖాదర్ బాబాయ్ పనిగదికి వెళ్ళేసరికి నతానియేలు అప్పటికే అక్కడ ఉన్నాడు. బల్ల మీద అతని సూటు పరిచి ఉంది. అతను బయట నీటి గొట్టాలు మరమ్మతు చేస్తాడు. కాలనీలో అందరికన్నా పొడుగు.

"దీని వీపు చాలా వెడల్పు అక్కా" అన్నాడు నన్ను చూసి. "మామ కొలిచాడు. పాత అంచులు తీసేసినా తబిత సూటు ముందు ముక్కలకు, పక్క ముక్కలకు సరిపోద్దంట. చేతులూ కాళ్ళూ చీలిన సూటులోయి వాడొచ్చు."

"మరి నువ్వు?"

"నేనేముంది. కొత్త గుడ్డ వచ్చేదాకా ఆలుగడ్డల కాడ చేస్తా."

"అది కాదు. సూటు లేకపోతే నిన్ను బండి ఎక్కనివ్వరు. తబితతో ఎవరు వెళ్తారు?"

అతను సూటు మోచేతి దగ్గర ఉన్న అతుకును బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. బయట రాయి తగిలి చిరిగినప్పుడు వేసుకున్న అతుకది. "తబిత నిన్ను రమ్మని అడగమంది" అన్నాడు. "నర్సమ్మ కాలనీ వదిలి రాలేదు. నువ్వైతే కోపం వచ్చినా దగ్గరుండి చూస్తావంది."

ఖాదర్ బాబాయ్ కత్తెర తీసుకుని అతని వంక చూశాడు. యంత్రంలో పెట్టే ముందు సూటు అతుకులు చేత్తోనే కోసి విడదీయాలి. "కొయ్యమంటావా?"

"కొయ్యి మామా."

మొదటి కోత పడుతున్నప్పుడు నతానియేలు తల తిప్పుకుని, గొట్టాల పని ఉందంటూ వెళ్ళిపోయాడు. ఆ సమయంలో అతనికి గొట్టాల పని లేదు. సూటే లేదు కదా.

సాయంత్రం పరీక్షకు తబిత రాలేదు, నేను రావద్దన్నాను. ముల్లు ఎర్ర గీత దాటి వెళ్ళింది. సూటు ఉబ్బి నిలబడింది. ఖాదర్ బాబాయ్ ఎడమ పక్క అతుకు మీద చెవి పెట్టి విన్నాడు. ఇంకా గాలి ఎక్కించమన్నాను. ఇంకా ఎక్కించాడు. నా మీద కోపం పోలేదని ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా ఇంటికి వెళ్ళబోతుంటే ఒక మాట అన్నాడు.

"దారిలో దాని అతుకులు రోజూ తడిమి చూడు అమ్మాయ్."

9. దారిలో

బండిలో ఒళ్ళు హూనమైంది. తబిత పడుకోలేదు, కూర్చోలేదు. బండి నడిపే అతను వెనక్కి తిరిగి మాటిమాటికీ చూస్తుంటే ముందు దారి చూడమని కసిరాను. రెండో రోజు మధ్యాహ్నం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. కిటికీ అవతల ఆకాశం గోధుమ రంగుకు తిరిగింది. దుమ్ము గాలి అనుకున్న దానికన్నా ముందే వచ్చింది.

పెద్ద స్థావరం చేరాక బండి తలుపునూ వాళ్ళ తలుపునూ కలిపే గొట్టం పట్టలేదు. కొక్కేల్లో దుమ్ము ఇరుక్కుంది. రేడియోలో వాళ్ళు, ఒక గంట ఆగండి, శుభ్రం చేస్తాం అన్నారు.

"గంట ఆగలేనక్కా" అంది తబిత.

నా సూటు తొడుక్కుని, ఆమె సూటు మూసి, మెడ బిగించి, అతుకులన్నీ తడిమాను. ఎడమ పక్క రెండుసార్లు. బండి తలుపు తీశాం. దుమ్ము హెల్మెట్ అద్దాలకు పట్టేస్తోంది. దుమ్ములో వాళ్ళ దీపం తప్ప ఏమీ కనబడటం లేదు. నేను ముందుకు చూడలేదు. ఆమె చేతి మీది మీటరు చూస్తూ నడిచాను. ముల్లు కదలలేదు. మధ్యలో నొప్పి వచ్చి ఆమె ఆగిపోయింది. నా భుజం పట్టుకుని ముందుకు వంగింది. వంగినప్పుడు ఆ అతుకు మీద ఎంత బరువు పడుతుందో నాకు తెలుసు. ముల్లు కదలలేదు. మళ్ళీ నడిచాం.

లోపలి తలుపు తెరుచుకునేసరికి డాక్టరమ్మ, ఇద్దరు మనుషులు మంచంతో ఎదురుగా ఉన్నారు. డాక్టరమ్మ ఒక చూపు చూసి, మంచం కింది నుంచి పెద్ద కత్తెర తీసింది.

"పడుకోబెట్టండి. సూటు కోసేద్దాం, విప్పేంత తీరిక లేదు."

"కొయ్యమాకండి" అంది తబిత. పళ్ళ బిగువున అంది. "అది మా ఆయన సూటు."

"ప్రాణం ముఖ్యమమ్మా."

"అక్క విప్పుద్ది. నేను నిలబడతా."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను అప్పటికే హెల్మెట్, చేతి తొడుగులు తీసి పడేసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. మెడ కొక్కెం, భుజాలవి, నడుంవి. దుమ్ము పట్టి ఒక్కోటీ మొరాయించింది. గోళ్ళు విరిగాయి. ఇంకో నొప్పి వచ్చింది. తబిత నా జుట్టు పట్టుకుని, అరవకుండా నిలబడే ఉంది. చివరి కొక్కెం విడిపోయాక సూటు చిరుగు లేకుండా నేల మీదికి జారింది. ఆమెను ఎత్తి మంచం మీద పడుకోబెట్టుకుని లోపలికి తీసుకుపోయారు.

సూటు మడిచి ఒళ్ళో పెట్టుకుని ఆ తలుపు బయట కూర్చున్నాను. దుమ్ము దులపాలని కూడా అనిపించలేదు. స్థావరం వాళ్ళు ఒక చేతి రేడియో తెచ్చి ఇచ్చారు. కాలనీ నుంచి నతానియేలు. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడ్డాడో తెలియదు.

"అక్కా, ఎట్టా ఉంది?"

"లోపలికి తీసుకెళ్ళారు. సూటు నిలబడింది."

"సూటు సంగతి కాదక్కా."

"తెలుసు. నాకింకా ఏమీ చెప్పలేదు."

అతను రేడియో కట్టేయలేదు, నేనూ కట్టేయలేదు. అతని ఊపిరి వినబడుతూనే ఉంది. ఆ తలుపు అవతల ఏవో మాటలు, పనిముట్ల చప్పుళ్ళు. ఒకసారి డాక్టరమ్మ గట్టిగా ఏదో అంది. తర్వాత ఏమీ వినబడలేదు.

అప్పుడు ఏడుపు. సన్నగా, కోపంగా, ఆగి ఆగి. ఆ వెనకే తబిత గొంతు, నీరసంగా, ఆడపిల్లా మగపిల్లాడా అని అడుగుతోంది.

లేచి, నతానియేలుకు వినబడేలా రేడియోను తలుపు సందుకు ఆనించి పట్టుకున్నాను.